తూము నీళ్ల తోట

మన ఇళ్లలో పెరటి పాదులు ఎందుకు పోయాయని అడిగితే అందరూ చోటు లేక అంటారు. నేనొప్పుకోను. చోటు ఎప్పుడుంది గనక? కృష్ణా డెల్టాలో కూలికి వెళ్లే కుటుంబాలకు ఇంటిస్థలం రెండు మూడు సెంట్లు. సెంటంటే 48 గజాల పైచిలుకు, అంతే. అందులోనే తాటాకిల్లు, మేకో గేదో, పొయ్యి, కట్టెలమోపు. మిగిలిన జానెడు నేలలో సొరపాదు పెట్టి, తీగను చూరు మీదుగా ఇంటికప్పు ఎక్కించేవారు. వానలు ముదిరేసరికి కప్పంతా ఆకే. మా ఊళ్లో పెద్ద పెరళ్లున్న ఇళ్లవాళ్లు కూడా లేత సొరకాయ కోసం ఆ గుడిసెలకే కబురు పెట్టేవారు.

పెరడు పోయింది నీళ్ల దారి మారినప్పుడు. ఈ మాట నేను ఎన్నాళ్లుగానో అందరితో అంటున్నాను.

మా దివిసీమ ఇంట్లో తూము ఎటుంటే తోట అటే. వంటింటి గోడ తూములోంచి గిన్నెలు తోమిన నీళ్లు నేరుగా చేమ మడిలో పడేవి. స్నానాల రాతిపలక మీది నీళ్లు అరటి బోదెలోకి పోయేవి. బియ్యం కడుగు గేదెకు కుడితి. ఈనక ముందు గేదెను పాలేరింటికి తోలినప్పుడు ఆ కడుగు బీరపాదుకు. మొక్కలకని మా నాయనమ్మ వేరే చేద వేసి తోడగా నేను చూడలేదు. తోమేది బూడిదతో, చింతపండు పిప్పితో. తల రుద్దేది కుంకుడు పులుసుతో. ఆ నీళ్లతో మొక్కకు హాని లేదు. పొయ్యిలో మిగిలిన బూడిదను తెల్లారగట్ల, ఆకు మీద మంచు తడి ఉండగానే చిక్కుడు మీద చల్లేది, పేను పట్టకుండా. తోటపని అని విడిగా ఒక పని ఉండేది కాదు. వంటపని ఎక్కడ ముగిస్తే అక్కడ అది మొదలయ్యేది.

విత్తనం కూడా వంటింట్లోనే ఉండేది. తీగ మీదే ఎండనిచ్చిన బీరకాయను పొయ్యి పైన వేలాడదీస్తే పొగకు పురుగు పట్టదు. సొర, గుమ్మడి గింజల్ని పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టి, మృగశిర కార్తెలో ఊడదీసి నాటేవారు. జూన్ రెండో వారం నాటికి ఏ ఇంటి గోడ చూసినా ఆ గుండ్రటి మచ్చలే.

ఈ పెరడు ఎంత పాతది? శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలపు పల్లె వంట చెబుతూ గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస ఆకుల్ని, చింతచిగురును పేర్కొన్నాడు. చింత చెట్టును వదిలేస్తే మిగతావన్నీ ఎవరూ నాటకుండా వాన పడగానే ఇంటి చుట్టూ మొలిచేవే. నాటిన తోటకు ముందు ఏరుకున్న కూర ఉందన్నమాట. అప్పటికి మన కూరల్లో మిరప కారం లేదు. మిరప, టమాటా, బొప్పాయి, జామ అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. బూడిదగుమ్మడి ఆసియాదే గానీ, సంక్రాంతికి గొబ్బెమ్మల మీద గుచ్చే పచ్చని పువ్వు పూసే గుమ్మడి కూడా ఆ దూరదేశపుదే. ఎక్కడి మొక్క వచ్చినా మన పెరడు చోటిచ్చింది, పండగలోకీ తీసుకుంది.

రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం వెనుక కూడా పెరటి లెక్కే ఉంది. నాటు చిక్కుడు ఎప్పుడు విత్తినా పగళ్లు పొట్టిపడితే గాని పూతకు రాదు. మాఘం నాటికి పందిరి నిండుగా ఉంటుంది, సూర్యుడికి పెట్టడానికి అందుబాటులో ఉన్న ఆకు అదే. ఈ సంగతి తెలియక వేసవిలో విత్తి, ఆషాఢంలో తీగే గాని కాయేదని పీకేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

తర్వాత గొట్టాలు వచ్చాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద కట్టడితో పాటు నగరానికి భూగర్భ మురుగుకాలువల ప్రణాళిక కూడా ఆయన ఇచ్చాడు. అది తప్పని నేననను. వాడిన నీళ్లు నిలిచిన గుంటల్లోనే బోదకాలు మోసే దోమ పుడుతుంది. కోస్తా జిల్లాల్లో ఆ కాళ్లను చూస్తూ పెరిగినదాన్ని. కానీ మురుగుతో పాటు పప్పు కడిగిన నీళ్లూ నేలలోకి మాయమయ్యాయి. ఆపైన తోమే పొడులొచ్చాయి, తూము నీళ్లు నిజంగానే మొక్కకు పనికిరాకుండా పోయాయి.

కరువు వేళల్లో మాత్రం ప్రభుత్వాలకు పెరడు గుర్తొచ్చేది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమై బర్మా బియ్యం ఆగిపోయాక తిండిగింజలు ఎక్కువ పండించండన్న ప్రచారం మొదలైంది. 1965లో లాల్‌బహదూర్ శాస్త్రి తన నివాసపు పచ్చికనే దున్నించాడు.

ఇప్పుడు తోట మిద్దెక్కింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి పైకప్పు మీద కూరలు పండించి, ఆ అనుభవాన్ని 'మిద్దెతోట' పుస్తకంగా రాశాక ఆ మాట ఇంటింటికీ తెలిసింది. కప్పు మీద మన్ను మనకు కొత్తా? రాయలసీమ, తెలంగాణ మట్టిమిద్దెలు దూలాల మీద చవుడు మన్ను మోస్తూనే తరాలు నిలిచాయి. అయితే ఆ ఇల్లు మన్ను మోయడానికే కట్టినది. మన శ్లాబు అలా కాదు. తడిసిన మన్ను ఘనమీటరు టన్నున్నర పైనే తూగుతుంది. అందుకని బరువైన తొట్లు గోడల పైన, దూలాల పైన వచ్చేట్టు పెట్టుకోవాలి, మన్నులో సగం కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలపాలి.

అంత మిద్దె కూడా లేనివాళ్లు, బాల్కనీలో మూడు నాలుగు గంటల ఎండ తగిలే వాళ్లు, తోటకూరతో మొదలుపెట్టండి. నెల తిరక్కుండా కోతకొస్తుంది. వేరుతో పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు ఏరోజువి ఆరోజే పోసేయండి, దాస్తే పులుస్తాయి. సబ్బు తగిలిన నీళ్లొద్దు. సొర పెట్టాలనుంటే పెద్ద తొట్టి, ఎక్కడానికి ఒక తాడు. పైఅంతస్తులకు పుప్పొడి మోసే పురుగులు అంతగా రావు గనక పొద్దువాలి తెల్లపూలు విచ్చుకున్నాక ఒక మగపువ్వు తుంచి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లగా రుద్దండి. పొద్దున దాకా ఆగితే ఆ పువ్వులు వాడిపోతాయి.