మోదుగుపూలకు రంగు వేసిందెవరు?

ఫాల్గుణం వస్తే సిద్దిపేట చుట్టుపక్కల గుట్టలు మోదుగుపూలతో ఎర్రబడతాయి. కాముని పున్నమికి ఆ పూలను మరిగించి రంగునీళ్లు చేసుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. అదే మోదుగు కొమ్మ 1795లో లండన్‌లో రాగిరేకు మీది నుంచి అచ్చయి, చేత్తో రంగులు దిద్దించుకుని ఒక పెద్ద ఫోలియో పుస్తకంలోకి ఎక్కింది. ఆ పుస్తకం పేరు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. రాసింది విలియం రాక్స్‌బర్గ్, ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. బొమ్మలు పుట్టింది సామర్లకోటలో.

రాక్స్‌బర్గ్ కంటే ముందే ఈ తీరానికి స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ వచ్చాడు. 1768లో తరంగంబాడికి చేరి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. తర్వాత విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్, ఆయన వెనుక రాక్స్‌బర్గ్ కంపెనీ తరఫున మొక్కల పని చూశారు. కంపెనీకి కావలసింది లాభం: అద్దకానికి రంగులు, సింకోనా బెరడుకు బదులు మందు, ఓడలకు కలప, నీలిమందు, మిరియాలు. ఈ లెక్కల పక్కనే రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి, తెచ్చిన ప్రతి మొక్కనూ గీయించాడు. లండన్‌కు పంపిన బొమ్మలు అయిదు వందలు దాటాయి. వాటిలోంచి, అక్కడ పుస్తకం పని పర్యవేక్షించిన వృక్షశాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్ మూడు వందలు ఏరాడు. పన్నెండు భాగాలుగా, మూడు సంపుటాలుగా పుస్తకం 1820 నాటికి పూర్తయింది. రాక్స్‌బర్గ్ అప్పటికే, 1815లో, పోయాడు.

ఆ సంపుటాలు తిరగేస్తే సిద్దిపేట వాళ్లకు పరాయి చెట్లు తక్కువే కనిపిస్తాయి. తునికి ఉంది, దుబ్బాక, సిద్దిపేట ఇళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుట్టేది ఆ ఆకుతోనే. రాక్స్‌బర్గ్ కన్ను మాత్రం దాని నల్లని చేవ మీద పడింది. ముషిణి, ఇప్ప, జీడి, బురద నీటిని తేర్చే చిల్ల గింజ చెట్టు కూడా ఉన్నాయి. కోస్తా పేరు పెట్టుకున్న పుస్తకంలో సగం దక్కన్ అడవి ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇంతకీ రంగు వేసిందెవరు? ఒక్కో అచ్చు వెనుక కనీసం మూడు చేతులున్నాయి. సామర్లకోట చిత్రకారుడు చెట్టును ఎదురుగా పెట్టుకుని నీటిరంగులతో గీశాడు. లండన్‌లో చెక్కుడు పనివాడు ఆ గీతలను రాగిరేకులోకి దించాడు. ఈ పనిలో ఎక్కువ భాగం డేనియల్ మెకెంజీది. గాడుల్లో సిరా నింపి, తడి కాగితం మీద ఒత్తి తీశాక, రంగులవాళ్లు మాదిరి ప్రతిని ముందు పెట్టుకుని ఒక్కో కాగితానికీ రంగు దిద్దారు. మోదుగు చెట్టు వాళ్ల కంట పడే అవకాశమే లేదు. అందుకే ఒకే రేకు నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఎరుపు ఒక్కలా ఉండదు. నా దృష్టిలో ఆ తేడాయే ఈ అచ్చులకు ప్రాణం. విచారమల్లా మరొకటుంది: రచయిత, సంపాదకుడు, చెక్కినవాడు, అందరి పేర్లూ నిలిచాయి గానీ చెట్టును చూసి గీసిన మనిషి పేరు ఆ పుస్తకంలో లేదు.

ఈ లోటు కొంత తీరింది తర్వాతి తరం కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ కాలంలో. ఆయన రాతి అచ్చు నేర్చుకుని మద్రాసులోనే బొమ్మలు అచ్చు వేయించాడు. ఆయన దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందు తెలుగు మాట్లాడే చిత్రకారులు. వైట్ వాళ్ల పేర్లు అచ్చులో వేశాడు, ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. వృక్షశాస్త్రం ఆ పేరును తర్వాత పక్కన పెట్టింది, అది వేరే సంగతి. ఆయన ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ బోటనీ’లో బొమ్మలకు చేతిరంగు ఉంది. 1853లో ముగిసిన ఆయన మరో పుస్తకం ‘ఐకోన్స్’లో 2,101 బొమ్మలున్నా రంగు లేదు. అన్నింటికి చేత్తో రంగు వేయించడం ఎవరి తరం?

సిద్దిపేట మాత్రం అప్పుడు కంపెనీ ఏలుబడిలో కాదు, నిజాం రాజ్యంలో ఉండేది. 1911లో పార్ట్రిడ్జ్ నిజాం రాజ్యపు అడవి మొక్కల మీద పుస్తకం రాశాడు. మెదక్ జిల్లా మొక్కల మీద పుల్లయ్య బృందం పుస్తకం 1998లో వచ్చింది. సామర్లకోటలో జరిగిన రంగుల పని మాత్రం ఇక్కడ జరగలేదు.

అలాగని ఇక్కడ రంగు పట్టిన చేతులు లేవనుకోవద్దు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద కులపురాణాలు గీశారు. వాళ్ల పటంలో చెట్టు కథకు నీడనిస్తే చాలు. ఆకు ఈనెలు లెక్కపెట్టాల్సిన పని లేదు. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) ఆ నకాషీ బాణీ నుంచే నేర్చుకుని బతుకమ్మలను, బోనాలను చిత్రించారు. శాస్త్రానికి కావలసిన చూపు వేరు, ఈ చూపు వేరు. రెండూ ఒకే చేతిలో కలిసిన మనిషి సామర్లకోటలో కూర్చుని గీసిన ఆ అనామకుడేనేమో అనిపిస్తుంది.

ఇప్పుడు రాక్స్‌బర్గ్ పుటలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. అసలు ప్రతులు దొరికితే వ్యాపారులు సంపుటాన్ని విప్పేసి, ఒక్కో బొమ్మకూ చట్రం కట్టి అమ్ముతుంటారు. బొమ్మ కింద ఉండేది లాటిన్ పేరు. ఆ చెట్టును తెలుగువాళ్లు ఏమంటారో రాక్స్‌బర్గ్ అడిగి రాసుకున్నది వివరణ పుటలో ఉంటుంది. గోడకెక్కేటప్పుడు ఆ పుట వెంట రాదు.