ఏకగ్రీవంలో వినిపించని గొంతు

నాకు మొదటిసారి ఓటు వచ్చింది 2006లో. ఆ ఏడాది పంచాయతీ ఎన్నికల్లో మా ఊరికి బ్యాలెట్ పెట్టె రానేలేదు. సర్పంచి, వార్డు సభ్యులు అందరూ ఏకగ్రీవం. సుల్తానాబాద్‌కి దగ్గర్లో మాదొక చిన్న ఊరు. అప్పటికి కరీంనగర్ జిల్లా. 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. సర్పంచి పదవి ఆసారి స్త్రీలకు రిజర్వయింది. నామినేషన్ వేసింది ఇద్దరు. ఒకరు మా చిన్నమ్మ. ఉపసంహరణ గడువు చివరి రోజున ఆమె తప్పుకుంది.

ఎందుకని ఇన్నేళ్లకు అడిగాను. "ఎవలు బెదిరియ్యలే బిడ్డా, మంచిగనే చెప్పిన్రు. ఊరికి పైసలొస్తయన్నరు. మీ చిన్నాయినను అడిగినం, సరే అన్నడన్నరు. ఇగ నేనేమంట?"

ఈ నాలుగు మాటల వెనక చాలా చరిత్ర ఉంది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీల్లోకి ఇద్దరు స్త్రీలను 'కో-ఆప్ట్' చేసుకోమంది. అంటే పోటీ చేసి కాదు, పిలిస్తే రావడం. 1959లో జయప్రకాశ్ నారాయణ్ పార్టీలు లేని ప్రజాస్వామ్యాన్ని ప్రతిపాదించారు. ఊరు ఒక్క మాట మీద నిలబడాలన్న ఆ ఆదర్శంలో, ఊరి లోపలి కులమూ పితృస్వామ్యమూ ఎవరి మాటను ఒక్క మాటగా నిలబెడతాయన్న ప్రశ్నకు జవాబు దొరకదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక మూడో వంతు స్థానాలు స్త్రీలవయ్యాయి. మన దగ్గర 2013 ఎన్నికల నాటికి అది సగమైంది. సీటు వచ్చింది సరే, పోటీ చేసే హక్కు మాత్రం రచ్చబండ దగ్గరే ఆగిపోతూ వచ్చింది.

చట్టం ప్రకారం సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర లాంటి గుర్తులే. కానీ మా ఊళ్లో ఆ రోజు కూర్చున్నది రెండు పార్టీల మనుషులు. సర్పంచి ఒకరికి, ఉపసర్పంచి ఇంకొకరికి అని పంచుకున్నారు. గుర్తు ఉంటే ఓటరు ఆ పార్టీని నిలదీయవచ్చు. గుర్తు లేదు కనుక పార్టీకి బాధ్యతా లేదు, పెత్తనం మాత్రం ఉంది. ఫలితం రాగానే కండువా కప్పడానికి ఏ అడ్డూ ఉండదు.

ప్రభుత్వాలు దీనికి బహుమతులు కూడా ఇచ్చాయి. గుజరాత్‌లో 2001లో 'సమరస్' పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలప్పుడు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. అప్పుడు పోటీ చేసే స్త్రీ ఊరి అభివృద్ధికి అడ్డం పడిన మనిషవుతుంది. పదవిని వేలం పాడి, దాన్ని కూడా ఏకగ్రీవం అన్న ఊళ్లున్నాయి. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. అయితే ఒక్కరే మిగిలిన చోట బ్యాలెటే ఉండదు, ఇక నోటా ఎక్కడ?

ఏకగ్రీవాలన్నీ మోసమని నేననడం లేదు. పోటీకయ్యే ఖర్చు పేద ఆడవాళ్లను ముంచేస్తుందన్నది నిజం. "గెలిచినా అప్పే, ఓడినా అప్పే" అని చిన్నమ్మే అంది. కానీ అప్పు భయం పోవాలంటే ఎన్నికల ఖర్చును అదుపు చేయాలి. అంతేగాని ఎన్నికనే తీసేస్తే ఎలా?

స్థానిక పాలనలో స్త్రీల చరిత్ర రాస్తున్న మనం గెలిచిన వాళ్లను లెక్కపెడుతున్నాం. ఉపసంహరణ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి ఇంటికొచ్చిన వాళ్లను లెక్కపెట్టడం లేదు. ఆ కాగితాలను కూడా చదవాలి. సంతకం తీసుకునే ముందు అధికారి ఆమెతో ఒంటరిగా మాట్లాడాలని మనం అడగాలి.

"గెలుస్తవనుకున్నవా?" అని చిన్నమ్మను చివరగా అడిగాను.

"గెలుసుడు గాదు బిడ్డా. నాకు ఎంతమంది ఏస్తరో సూద్దామనుకున్న."