నెల తప్పిందన్న మాట

ఆడమనిషి కడుపుతో ఉందని చెప్పడానికి మనకు మొదట నోటికొచ్చే మాట "నెల తప్పింది" అని. "నీళ్లోసుకుంది" అనేవాళ్లూ ఉన్నారు గానీ, ఇంటింటా చెల్లే మాట ఇదే. నెలనెలా లెక్క తప్పకుండా ముట్టయ్యే మనిషికి ఈ మాట శుభవార్త. ఏడాదికి నాలుగైదుసార్లే ముట్టయ్యే మనిషికి మాత్రం ఇది మళ్లీ మళ్లీ తగిలే దెబ్బ. ఆమెకు నెల తప్పుతూనే ఉంటుంది, కడుపు మాత్రం పండదు.

మా పెద్దమ్మ కాపురం జంషెడ్‌పూర్‌లో, కద్మా క్వార్టర్లలో. పెదనాన్న టాటా కంపెనీలో పని చేసేవారు. ఊరి నుంచి ఎవరొచ్చినా ఏలూరు వెంకట్రామా అండ్ కో క్యాలెండరు తెచ్చేవారు. వంటింటి తలుపు వెనక తగిలించిన ఆ క్యాలెండరులో పెద్దమ్మ ముట్టైన తేదీ చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది. సున్నా లేకుండా రెండు కాగితాలు తిరిగితే పక్క క్వార్టరు వాళ్లు "నెల తప్పిందటగా, మిఠాయి ఏదీ?" అనేవారు. మూడో కాగితంలో సున్నా పడేది. ఇలా మూడుసార్లయ్యాక క్యాలెండరును తీసి పెట్టెలో దాచేసిందట. పెళ్లయిన ఎనిమిదో ఏట మా అక్క పుట్టింది. ఆ మధ్య కాలం గురించి పెద్దమ్మ ఎక్కువ మాట్లాడదు. ఆ ఎనిమిదేళ్లలో తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆమెకు ఒక్కరూ చెప్పలేదన్నదే నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి.

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్లు జంషెడ్‌పూర్‌కు ఎప్పటినుంచో వలస వెళ్లారు. టాటాల ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది, ఆసుపత్రి 1908లో మొదలైంది. సాక్చి అన్న పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయ్యింది, కాలిమాటి స్టేషను టాటానగర్ అయ్యింది. 1928 నాటికే కంపెనీ ప్రసూతి సాయం ఇచ్చేది. దేశమంతటికీ ప్రసూతి చట్టం వచ్చింది 1961లో. కడుపుతో ఉన్న స్త్రీ ఆ విధంగా లెక్కలోకి వచ్చింది. కడుపు కోసం ఎదురుచూసే స్త్రీని లెక్కలోకి తీసుకోవడానికి వైద్యానికే చాలా కాలం పట్టింది.

పాతవాళ్లకు ఈ బాధ తెలియనిది కాదు. సుశ్రుతుడు గర్భం నిలవడానికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అని నాలుగు కావాలన్నాడు. పంటకు అదను, నేల, నీరు, విత్తనం ఎలాగో దీనికీ అలాగే. ముట్టు ఆగిపోయిన స్థితికి నష్టార్తవమని పేరు పెట్టి, చేపలు, ఉలవలు, నువ్వులు, మినుములు తినమన్నాడు. రజస్వల అయిన పిల్లకు చిమ్మిలి దంచి పెట్టే మన ఇళ్లలో ఆ నువ్వుల మీద నమ్మకం ఇంకా ఉంది. చిక్కంతా అదను లెక్క దగ్గరే వచ్చింది. సుశ్రుతుడు ఋతుకాలం పన్నెండు రాత్రులన్నాడు, ధర్మశాస్త్రాలు పదహారన్నాయి. రెండూ ముట్టైన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టినవే. ఇరవై ఎనిమిది రోజులకోసారి ముట్టయ్యే స్త్రీకి ఆ లెక్క బాగానే సరిపోతుంది. నలభై అయిదు రోజులకోసారి అయ్యే స్త్రీకి అండం విడుదలయ్యేది ఇంచుమించు ముప్పై ఒకటో రోజున. పదహారు రాత్రులూ గడిచి అప్పటికి రెండు వారాలవుతుంది.

యూరప్‌లోనూ తెలివిడి ఆలస్యంగానే వచ్చింది. 1721లో ఇటలీ వైద్యుడు వల్లిస్నేరి ఒక రైతు ఇల్లాలి గురించి రాశాడు. వయసులో ఉన్న మనిషి, కాస్త ఒళ్లున్న మనిషి, పిల్లల్లేరు. ఆమె అండాశయాలు మామూలు కన్నా పెద్దవై, తెల్లగా మెరుస్తూ పావురం గుడ్లలా ఉన్నాయన్నాడు. ఇప్పుడు మనం పీసీఓఎస్ (ముట్టు కుదరక, అండాశయాలు నీటిబుడగలతో నిండే జబ్బు) అనేదాన్ని పోలిన వర్ణనల్లో పాతది అదే అంటారు. క్షీరదాల అండాన్ని ఫాన్ బేయర్ కంటితో చూసింది 1827లో. అయినా ముట్టుకూ అండానికీ ఉన్న వరస ఇంకో వందేళ్లు తలకిందులుగానే ఉండిపోయింది. నెల మధ్య రోజుల్లో గర్భం రాదని పంతొమ్మిదో శతాబ్దపు డాక్టర్లే నమ్మి చెప్పారు.

ఆ చిక్కుముడి విప్పింది జపాన్‌లోని నీగాటాలో ఆపరేషన్లు చేసే క్యూసాకు ఒగినో. కడుపు కోసినప్పుడల్లా అండాశయాన్ని పరిశీలించి, ఆ స్త్రీకి తరవాతి ముట్టు ఎప్పుడొచ్చిందో కనుక్కుని, రెండూ సరిపోల్చాడు. అండం విడుదల రాబోయే ముట్టుకు పన్నెండు నుంచి పదహారు రోజుల ముందు జరుగుతుందని 1924లో చెప్పాడు. ఆస్ట్రియాలో క్నాస్ కూడా కొద్ది సంవత్సరాల తేడాలో ఇదే తేల్చాడు. అంటే లెక్కపెట్టాల్సింది వెనక్కి. ఎంత గొప్ప సంగతి ఇది! కానీ రాబోయే ముట్టు ఎప్పుడో తెలియని మనిషి దేని నుంచి వెనక్కి లెక్కపెట్టాలి? మా పెద్దమ్మ లాంటివాళ్లకు ఒగినో లెక్క కూడా అక్కరకు రాలేదు.

వాళ్లను నేరుగా పట్టించుకున్నది షికాగో డాక్టర్లు స్టైన్, లెవెంతాల్. 1935లో వాళ్లు ఏడుగురు స్త్రీల కథ రాశారు. ముట్టు సరిగా రాదు, అండాశయాలు పెద్దవై నీటిబుడగలతో నిండి ఉన్నాయి. ఆ అండాశయాల్లోంచి ముక్క కోసి తీసేస్తే ఏడుగురికీ ముట్టు కుదిరింది, ఇద్దరికి గర్భం వచ్చింది. కత్తితో చేసిన ఆ పనిని మాత్రతో చేయడానికి పాతికేళ్లు పట్టింది. గ్రీన్‌బ్లాట్ 1961లో క్లోమిఫీన్ అండం విడుదలయ్యేలా చేస్తుందని చూపించాడు, 1967లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఆ రోజుల్లోనే ఇటలీ కాన్వెంట్లలో ముట్లుడిగిన సన్యాసినుల మూత్రం నుంచి తీసిన హార్మోను ఇంజెక్షన్‌తో 1962లో ఇజ్రాయెల్‌లో ఓ ఆడపిల్ల పుట్టింది. పిల్లలు వద్దనుకున్న తల్లులు పిల్లలు కావాలనుకున్న తల్లులకు చేసిన ఆ సాయం తలచుకుంటే మనసు నిండుతుంది.

మన దేశంలో అప్పుడు గాలి మరో వైపు వీస్తోంది. 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక గోడల మీద ఎర్ర త్రికోణాలు, "హమ్ దో, హమారే దో" రాతలు. పిల్లలు పుట్టకుండా చూడడమే సర్కారు పని అయిపోయింది. పుట్టనివాళ్లకు మిగిలినవి గుళ్లు, మొక్కులు, నాటు మందులు. పెద్దమ్మ బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరానికి ప్రతి శనివారం నడిచే వెళ్లేది.

ఈ కథలో జార్ఖండ్ నేల మీద పుట్టిన మనిషి ఒకరున్నారు. సుభాష్ ముఖర్జీ, 1931లో హజారీబాగ్‌లో పుట్టారు. ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టిన డెబ్భై రోజులకే, 1978 అక్టోబరు 3న కలకత్తాలో దుర్గ పుట్టడం ఆయన పనే. ఇంగ్లండ్ వాళ్లు మామూలు నెలసరిలో వచ్చే ఒక్క అండం కోసం కాచుకుంటే, ఆయన హార్మోను ఇంజెక్షన్లతో అండాలను ఎదిగించారు. పిండాన్ని గడ్డకట్టించి దాచి, మరో నెలసరిలో గర్భంలో ఉంచారు. ఇప్పుడు ప్రతి ఐవీఎఫ్ కేంద్రంలో జరిగేది దాదాపు ఇదే. ఆయన మాట మాత్రం ఎవరూ నమ్మలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ కొట్టిపారేసింది. 1981 జూన్‌లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆయనే మొదటివాడని 1997లో ఆనంద్ కుమార్ ఒప్పుకున్నారు. ఆనంద్ కుమార్ అంటే 1986లో బొంబాయిలో పుట్టిన హర్ష వెనకున్న శాస్త్రవేత్త. తన పేరు మీదున్న 'మొదటి' అన్న మాటను ఆయన చేతులారా వదులుకున్నారు.

1980 నుంచి పీసీఓఎస్ వెనక ఉన్న ఇన్సులిన్ సంగతి బయటపడుతూ వచ్చింది. అండాశయంలో కనిపించే చిక్కుకు మూలం చాలామందిలో ఒళ్లంతా ఇన్సులిన్‌కు మొండికేయడంలో ఉంది. బరువు ఎక్కువున్నవాళ్లు అయిదు నుంచి పది శాతం తగ్గినా కొందరిలో ముట్టు దానంతటదే కుదురుకోవడానికి కారణం అదే. తరవాత లెట్రోజోల్ వచ్చింది. రొమ్ము క్యాన్సరు మందు అది. 2001 నుంచి అండం కోసం వాడి చూశారు. 2011లో మన దేశం సంతాన చికిత్సలో దాన్ని నిషేధించింది. 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీలను చూసినప్పుడు లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికే. 2017లో ఇక్కడ నిషేధం ఎత్తేశారు. ఆ ఆరేళ్లలో తల్లి కావలసిన వయసు దాటిపోయినవాళ్ల గురించి ఎవరైనా రాయాలి.

ఇంత జరిగినా ఒక అపోహ ఇంకా పోలేదు. ముట్టు రప్పించే మాత్ర వేసుకుంటే రక్తం కనపడుతుంది, క్యాలెండరులో సున్నా పడుతుంది, మనసు కుదుటపడుతుంది. ఆ రక్తానికీ అండానికీ సంబంధం ఉండనక్కర్లేదు. గర్భనిరోధక మాత్రలతో నెలనెలా ఠంచనుగా వచ్చే ముట్టులో అసలు అండమే ఉండదు. కాబట్టి అడగాల్సింది ముట్టు వచ్చిందా అని కాదు, అండం విడుదలైందా అని. ముట్టు కుదరనివాళ్లు ఏడాది ఆగి చూడక్కర్లేదు, వెంటనే థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూపించుకోవచ్చు. మన దేశంలో గర్భసంచి క్షయను కూడా మరిచిపోకూడదు. అది దగ్గూ జ్వరమూ లేకుండానే లోపలి పొరను తినేసి ముట్టు ఆపేయగలదు. ఇక భర్తకు పరీక్ష చేయకుండా ఏళ్లతరబడి భార్యకే మాత్రలు మింగించడం పచ్చి అన్యాయం.

పెద్దమ్మ మనవరాలికీ అమ్మమ్మ పోలికే వచ్చింది. ఇప్పుడు సోనారీలో ఉంటుంది. దాని ఫోనులో ఉన్న యాప్, అంతకుముందు నెలల సగటు కట్టి, ఫలానా వారం మంచిదని గులాబీ రంగు పూసేది. ముప్పై రోజులు, డెబ్భై రోజులు, నలభై రోజులు: వీటి సగటులో ఏ రోజూ ఉండదు. డాక్టరమ్మ యాప్ తీసేయమని చెప్పి, ముట్టైన మూడో రోజు నుంచి అయిదు రోజులు లెట్రోజోల్ ఇచ్చింది. పద్నాలుగో రోజు స్కాన్. చీకటి గదిలో తెర మీద బూడిదరంగు మసక మధ్య అండం ఎదిగే సంచి నల్లటి గుండ్రంగా, దానికి అడ్డంగా చిన్న చుక్కల గీత, పక్కన అంకె: 19 మిల్లీమీటర్లు. ఆ బొమ్మను కాగితం మీద తెచ్చుకుని పెద్దమ్మకు చూపించింది. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

రెండు వారాలు పోయాక నేను అక్కడే ఉన్నాను. ఫోను రాగానే పెద్దమ్మ అడిగింది:

"ఏమ్మా, నెల తప్పిందా?"

"ఇంకా తెలీదు అమ్మమ్మా. తప్పితే శుక్రవారానికి తెలుస్తుంది."

పెద్దమ్మ ఫోను పెట్టేసి, శుక్రవారం ఏ తేదీయో చూడమని నన్ను అడిగింది.