కోనసీమలో షుగరు కథ

మా మామ్మది రాజోలు దగ్గర పల్లె. కాల్లో మేకు దిగినా ఆవిడకి తెలీలేదు. పుండు మానక చివరికి వేలు తీసేశారు. షుగరు నరాల్ని మొద్దుబారుస్తుందని మాకు అప్పుడే తెలిసింది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పెరిగింది. అన్నం అప్పుడూ తిన్నారండి, కానీ దంపుడు బియ్యం, పొద్దస్తమానం చేలో పని. తర్వాత మిల్లు తవుడు తీసేసింది, మోటారుసైకిలు నడక తీసేసింది. 2006లో అచ్చయిన ఒక సర్వే ప్రకారం గోదావరి జిల్లాల పల్లెల్లో 30 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 13 మందికి షుగరు. చాలామందికి ఆ సంగతే తెలీదు, మా మామ్మలాగే.

మొన్న అమలాపురంలో నేనూ పరగడుపున రక్తపరీక్ష చేయించుకున్నా. 118. అదే 126 అయితే షుగరే అంటారు. నాకింకా 26 ఏళ్లేనండి.