హవాయి సిపాయి హర్జిందర్ సింగ్: భారత వైమానిక దళ చరిత్రలో మెకానిక్ స్థానం

వైమానిక దళ చరిత్ర అనగానే పైలట్ల సాహసగాథలు స్ఫురించడం పరిపాటి. విమానాన్ని సిద్ధం చేసి పంపి, అది తిరిగి వచ్చేదాకా నేలమీద నిరీక్షించే మెకానిక్‌కు ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. అయితే భారత వైమానిక దళం నిలబడగలదా అన్న ప్రశ్నకు తొలినాళ్లలో సమాధానం ఆకాశంలోనే కాదు, మరమ్మతు షెడ్డులోనూ వెలువడవలసి వచ్చింది. హర్జిందర్ సింగ్ (1909–1971) జీవితం ఇందుకు నిదర్శనం.

లాహోరులోని మెక్లాగన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన ఈ పంజాబీ యువకుడు 1930లో ‘హవాయి సిపాయి’గా చేరాడు. ఈ పదబంధం గమనార్హం. ‘హవా’, ‘సిపాయి’ రెండూ తెలుగువారికి పరిచితమైన మాటలే. మొదటిది కొత్త యుగపు యంత్రాన్ని సూచిస్తే, రెండవది వలస సైన్యంలోని అట్టడుగు హోదాను గుర్తు చేస్తుంది. చదివిన చదువుకూ దక్కిన హోదాకూ నడుమ గల అంతరం ఆ పేరులోనే ఇమిడి ఉంది.

1933 ఏప్రిల్ 1న కరాచీ సమీపంలోని డ్రిగ్ రోడ్‌లో ఒకటవ స్క్వాడ్రన్ ఏర్పడింది. దాని ఆస్తి నాలుగు వాపిటి విమానాలు. ఇంగ్లండులో శిక్షణ పొందిన కొద్దిమంది భారతీయ అధికారులు, ఇరవైమందికి అటూ ఇటూగా హవాయి సిపాయిలు దాని బలగం. విమాన యంత్రాల నిర్వహణ భారతీయులకు సాధ్యం కాదన్న అభిప్రాయం నాటి బ్రిటిష్ అధికార వర్గంలో బలంగా ఉండేది. అటువంటి వాతావరణంలో ఒక బోల్టు వదులైతే అది ఒక వ్యక్తి పొరపాటుగా మిగలదు. జాతి మొత్తం అసమర్థతకు సాక్ష్యమవుతుంది. వజీరిస్తాన్ కొండలపై సాగిన సరిహద్దు చర్యలలో ఆ స్క్వాడ్రన్ విమానాలు ఎగిరిన ప్రతిసారీ ఈ పరీక్ష పునరావృతమైంది.

రెండవ ప్రపంచ యుద్ధం ఆ పరీక్షను తీవ్రతరం చేసింది. 1942 ఫిబ్రవరిలో స్క్వాడ్రన్ లైసాండర్ విమానాలతో బర్మాలోని టౌంగూ చేరింది. లైసాండర్ పదాతి దళానికి తోడుగా శత్రువుల కదలికలను గమనించడానికి ఉద్దేశించిన, వేగం తక్కువైన విమానం, బాంబర్ కాదు. జపాన్ విమానాలు టౌంగూ స్థావరంపై దాడి చేయగా, స్క్వాడ్రన్ నాయకుడు కె.కె. మజుందార్ ఎదురుదాడికి పూనుకున్నాడు. లైసాండర్లు 250 పౌన్ల బాంబులు మోసుకుని థాయిలాండులోని శత్రు స్థావరాలపైకి వెళ్లాయి. పరిశీలక విమానం బాంబర్ పని చేయగలిగిందంటే అందులో పైలట్ ధైర్యంతోపాటు నేలమీది సిబ్బంది పనితనమూ ఉంది. ఆ సిబ్బందికి పెద్ద దిక్కు హర్జిందర్. మజుందార్‌కు డీఎఫ్‌సీ లభించింది. హర్జిందర్‌కు యుద్ధకాలంలోనే ఎంబీఈ పురస్కారమూ, సాంకేతిక శాఖలో అధికారి హోదా లభించాయి. సిపాయికీ అధికారికీ నడుమ ఉన్న గోడను దాటడానికి అతనికి పన్నెండేళ్లు పట్టింది.

స్వాతంత్ర్యానంతరం అతని కార్యక్షేత్రం కాన్పూరు. ఎయిర్ వైస్ మార్షల్ హోదాలో నిర్వహణ కమాండ్‌కు సారథ్యం వహించిన కాలంలో అతని దృష్టి మరమ్మతు నుంచి నిర్మాణం వైపు మళ్లింది. 1960లో అక్కడ విమాన నిర్మాణ డిపో వెలసింది. ఆవ్రో 748 రకానికి చెందిన తొలి కాన్పూరు విమానం 1961 నవంబరు 1న గాలిలోకి లేచింది. దానికి పెట్టిన పేరు ‘సుబ్రతో’. వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయి, అంతకు ముందు ఏడాది మరణించిన సుబ్రతో ముఖర్జీ స్మృత్యర్థం ఆ నామకరణం జరిగింది. డ్రిగ్ రోడ్‌లో ఒకనాడు ముఖర్జీ అధికారి, హర్జిందర్ సిపాయి. ఒకరు ఎగిరినవారు, మరొకరు ఎగరనిచ్చినవారు. మూడు దశాబ్దాలకు ఆ ఇద్దరి శ్రమా ఒకే విమానంలో కలిసింది.

హర్జిందర్ జ్ఞాపకాలు 1977లో, మరణానంతరం, గ్రంథరూపం దాల్చాయి. ఆ గ్రంథ నామం తెలుగులో ‘ఒక వైమానిక దళ జననం’ అవుతుంది. మెకానిక్ ఆత్మకథకు ఆ పేరు అతిశయోక్తి కాదు. ఆ జననం అధికారిక ఉత్తర్వులతో ఎంతగా ముడిపడి ఉందో, సిపాయి హోదాలో ఇంజను విప్పి బిగించిన చేతులతోనూ అంతగా ముడిపడి ఉంది. ఆ చేతులను విస్మరించిన వైమానిక చరిత్ర అసమగ్రం.