గడియారంతో పందెం: ఇంగ్లండు సైకిలు క్లబ్బులు – స్త్రీలు

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతాన, లీడ్స్ నగరానికి నైరుతి దిక్కున మోర్లీ అనే చిన్న పట్టణం ఉంది. ఉన్ని మిల్లుల వల్ల ఒకప్పుడు పేరు వచ్చిన ఊరు. ఆ ఊరి సైకిలు క్లబ్బు సభ్యురాలైన బెరిల్ బర్టన్ 1959కీ 1967కీ మధ్య ఏడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచారు. స్వదేశంలో వరుసగా పాతికేళ్ళు, 1959 నుంచి 1983 దాకా, స్త్రీలలో ఉత్తమ సర్వతోముఖ పందెగత్తె అనే బిరుదు మరొకరికి దక్కనివ్వలేదు. ఇంతటి క్రీడాకారిణికి పోషకుడెవరని వెదికితే ప్రభుత్వమూ కనిపించదు, పెద్ద వ్యాపార సంస్థా కనిపించదు. కనిపించేది ఆదివారం తెల్లవారుజామున రోడ్డు పక్కన గడియారం పట్టుకొని నిలబడే కొద్దిమంది ఊరివాళ్ళు. స్త్రీల సైకిలు పందేల చరిత్రలో ఈ ఊరివాళ్ళకు దక్కవలసిన స్థానం ఇంకా పూర్తిగా దక్కలేదు.

స్త్రీలు సైకిలు పందేలలో దిగడం సైకిలుతో పాటే మొదలయింది. 1869లో పారిస్ నుంచి రువాన్ నగరం దాకా జరిగిన తొలి దూరపు పందెంలో ‘మిస్ అమెరికా’ అనే మారుపేరుతో ఒక స్త్రీ పాల్గొని 29వ స్థానంలో గమ్యం చేరింది. 1895లో లండన్‌లోని రాయల్ అక్వేరియం భవనంలో స్త్రీల పందెం రోజుల తరబడి జరిగింది, జనం టిక్కెట్లు కొనుక్కొని చూశారు. అయితే అది ప్రదర్శన. సర్కసుకూ దానికీ మధ్య గీత సన్నగా ఉండేది. చూసేవారి ఉత్సాహం తగ్గగానే నిర్వాహకులు మరో వినోదం వెదుక్కున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాలకే ఆ పందేలు దాదాపుగా అంతరించాయి.

నిలిచిన సంప్రదాయం మరొకటి. దాని పుట్టుక విచిత్రమైనది, నిషేధంలోంచి వచ్చినది. 1894లో లండన్‌కు ఉత్తరాన ఒక రహదారిపై పందెం సాగుతుండగా సైకిళ్ళ గుంపును చూసి ఒక గుర్రబ్బండి గుర్రం బెదిరింది. ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్ళింది. రోడ్ల మీద సైకిలు తొక్కే హక్కే పోతుందేమోనని భయపడిన జాతీయ సైకిలు సంఘం, రహదారులపై గుంపుగా పందెం వేయడాన్ని తానే నిషేధించింది. ఆ 1894 పందెంలో స్వయంగా పాల్గొన్న బిడ్లేక్ అనే ఆయన దీనికొక ఉపాయం కనిపెట్టారు. పోటీదారులను ఒక్కొక్క నిమిషం ఎడంతో విడివిడిగా పంపాలి. ఎవరూ ఎవరి వెనుకా నక్కి గాలి తప్పించుకోకూడదు. నిర్ణీత దూరాన్ని తక్కువ కాలంలో చేరినవారే విజేత. 1895 అక్టోబరులో ఈ పద్ధతిలో 50 మైళ్ళ పోటీ జరిగింది. దీనినే ‘టైమ్ ట్రయల్’ అన్నారు. తెలుగులో కాలపరీక్ష అనవచ్చు. చూసేవారికి పందెంలా కనిపించకూడదని పోటీదారులు మెడ నుంచి మడమ దాకా నల్లని దుస్తులు ధరించేవారు. మార్గాన్ని ఊళ్ళ పేర్లతో కాక సంకేతాక్షరాలతో గుర్తించేవారు. పోటీ వేళ తెల్లవారుజాము. తమ చట్టబద్ధమైన వినోదాన్ని దొంగతనంలా జరుపుకొనే అలవాటు ఇంగ్లీషువారికి అలా ఏర్పడింది!

ఈ గోప్యతే స్త్రీలకు కలిసివచ్చింది. ఆ రోజుల్లో సైకిలు తొక్కే స్త్రీ వేషం మీద జరిగిన వివాదం చిన్నది కాదు. 1898లో లేడీ హార్బర్టన్ అనే కులీన మహిళ, లంగాకు బదులు వెడల్పాటి నిక్కరు తొడుక్కొని వచ్చిందన్న కారణాన సర్రే ప్రాంతంలోని ఒక హోటలులో కాఫీ గదిలోకి రానివ్వలేదు, మగవాళ్ళు కూర్చునే మధుశాల పక్క గది చూపించారు. సైక్లిస్టుల సంఘం ఆమె పక్షాన కోర్టుకెక్కి ఓడిపోయింది. గది నిరాకరించలేదు గదా అన్నది తీర్పు సారాంశం. వేడుక చూసే జనం లేని చోట, సూర్యోదయ వేళ, ఒంటరిగా గడియారంతో తలపడే పందెంలో ఈ అభ్యంతరాల పదును సహజంగానే తగ్గింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. గుంపు పందెంలో స్త్రీ వేరు, పురుషుడు వేరు. కాలపరీక్షలో మాత్రం రోడ్డు ఒకటే, గాలి ఒకటే, గడియారం ఒకటే. ఫలితాల కాగితంపై రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకుండా ఎవరినీ ఆపలేరు.

పోటీదారు ఒంటరి అయినా పందెం ఒంటరిది కాదు. ఒక్కొక్క పోటీని ఒక్కొక్క ఊరి క్లబ్బు నిర్వహించేది. కాలం లెక్కించేవారు, మలుపుల దగ్గర దారి చూపేవారు, టీ కాచేవారు అందరూ సభ్యులే, ఎవరికీ ప్రతిఫలం లేదు. ఒక క్లబ్బు తరఫున ముందు వచ్చిన ముగ్గురి కాలాలను కలిపి జట్టు బహుమతి నిర్ణయించేవారు. అందుచేత ఊరిలో ఒక్కరే మెరిస్తే చాలదు, మూడవ మనిషి నిమిషం కూడా లెక్కకు వచ్చేది. చలికాలపు ఆదివారాలలో వయసు, అనుభవం చూడకుండా అందరూ కలిసి దూరప్రయాణాలు చేసేవారు. కొత్తవారికి వేగం, ఓర్పు, పంక్చరు వేయడం నేర్పిన పాఠశాల అదే.

1922లో లండన్ తూర్పు ప్రాంతాన రాస్లిన్ లేడీస్ పేరుతో స్త్రీలకు ప్రత్యేకంగా క్లబ్బు వెలిసింది. ఊరికీ ఊరికీ మధ్య నెలకొల్పే రికార్డులను నమోదు చేసే సంఘం 1888 నుంచే ఉన్నా స్త్రీల రికార్డులు దాని పుస్తకానికి ఎక్కలేదు. స్త్రీలు 1934లో తమ సంఘాన్ని తామే స్థాపించుకొన్నారు. దేశం నైరుతి కొన నుంచి ఈశాన్య కొన దాకా, రమారమి 870 మైళ్ళ దూరాన్ని 1938లో లిలియన్ డ్రెడ్జ్ 3 రోజుల 20 గంటల 54 నిమిషాల్లో దాటితే, మరుసటి ఏడు మార్గరీట్ విల్సన్ దానిని మూడు రోజుల లోపుకు తెచ్చారు. యుద్ధం తరువాత కొవెంట్రీ క్లబ్బుకు చెందిన ఐలీన్ షెరిడన్ వంతు. అయిదడుగుల ఎత్తయినా లేని ఆ ఇల్లాలు, బిడ్డ పుట్టిన తరువాత పందేలకు తిరిగి వచ్చి 1949లో 12 గంటల్లో 237 మైళ్ళకు పైగా తొక్కారు. 1954లో దేశం ఈ కొన నుంచి ఆ కొనకు 2 రోజుల 11 గంటల 7 నిమిషాల్లో చేరారు.

ఈ చివరి రికార్డు నాటికి షెరిడన్ క్లబ్బు మనిషి కాదు, హెర్క్యులెస్ కంపెనీ నియమించుకొన్న వృత్తి క్రీడాకారిణి. తెలుగువారికి ఈ పేరు పరిచయం చేయనక్కరలేదు. హెర్క్యులెస్ సైకిళ్ళు 1951 నుంచి మద్రాసు దగ్గరి అంబత్తూరు కర్మాగారంలో తయారై మన పల్లెల దాకా వచ్చాయి. బర్మింగ్‌హామ్‌లో అదే పేరు గల సైకిలును అమ్మడానికి కంపెనీవారు ఒక స్త్రీ కండబలాన్ని సాక్ష్యంగా చూపించుకొన్నారు. ఆమె ఆ ఒప్పందం చేసుకొన్న క్షణం నుంచి ఔత్సాహికుల పోటీలలో పాల్గొనే అర్హత కోల్పోయారు. స్త్రీలకు వృత్తి పందేలు లేనే లేవు. డబ్బు తీసుకొన్న స్త్రీకి ఇక ప్రత్యర్థులు ఉండరు, పాత రికార్డులు మాత్రమే మిగులుతాయి. బెరిల్ బర్టన్ నిర్ణయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నియమం తెలిసి ఉండాలి.

ఈలోగా ఐలీన్ గ్రే అనే మరొక మహిళ పరిపాలన వైపు నుంచి పని మొదలుపెట్టారు. 1946లో కోపెన్‌హేగన్‌లో పోటీ చేసి వచ్చిన ఆమె, 1949లో మహిళల ట్రాక్ పందేల సంఘాన్ని స్థాపించి, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యకు విన్నపాలు పంపడం ఒక దీక్షగా పెట్టుకొన్నారు. సమాఖ్య 1955లో స్త్రీల రికార్డులను గుర్తించింది, 1958లో స్త్రీలకు ప్రపంచ పోటీలు ఏర్పాటు చేసింది. రీమ్స్‌లో జరిగిన తొలి రోడ్డు పందెాన్ని లక్సెంబర్గ్‌కు చెందిన ఎల్సీ జాకబ్స్ గెలిచారు. దస్త్రం కదిలించడం కూడా ఓర్పుతో కూడిన పందెమేనని సర్కారు కచేరీలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

బెరిల్ 1937 మే 12న లీడ్స్‌లో పుట్టారు. పదేళ్ళు దాటిన వయసులో కీళ్ళవాత జ్వరం సోకి తొమ్మిది నెలలు ఆసుపత్రిలో, ఆ తరువాత పదిహేను నెలలు విశ్రాంతి గృహంలో గడిపారు. శ్రమపడే పనులు చేయరాదని వైద్యులు హెచ్చరించారు. 1955లో చార్లీ బర్టన్‌ను పెళ్ళాడారు. సైకిలు ఆయన ద్వారానే ఆమె జీవితంలోకి వచ్చింది. మొదట్లో ఎత్తుల మీద ఆమెను వెనుక నుంచి తోయవలసి వచ్చేదట. 1956లో కుమార్తె డెనీస్ పుట్టింది. 1957లో వంద మైళ్ళ జాతీయ పోటీలో రజతం వచ్చింది. 1959లో లీజ్‌లో ప్రపంచ పర్స్యూట్ విజేత అయ్యారు. ట్రాకుపై ఇద్దరు ఎదురెదురు దిక్కుల నుంచి బయలుదేరి ఒకరినొకరు వెంటాడే 3,000 మీటర్ల పందెం అది. అందులో అయిదు, రోడ్డు పందెంలో రెండు, వెరసి ఏడు ప్రపంచ విజయాలు.

చార్లీ తన పందేలను పక్కనపెట్టి భార్య సైకిళ్ళకు మరమ్మతులు చేసే పని చేపట్టారు. బెరిల్ మాత్రం క్లబ్బు సహచరుడు నిమ్ కార్లైన్ పొలంలో కూలిపనికి వెళ్ళేవారు. కార్లైన్ స్వయంగా 24 గంటల పందేలలో జాతీయ విజేత. ఆ పొలంలో పండేది రూబార్బ్ అనే పుల్లటి కాడల పంట. మన మూలికల అంగళ్ళలో రేవలచిన్ని పేరుతో దొరికే వేరు దీని దాయాదిదే. యార్క్‌షైర్‌లో ఆ మొక్కల వేళ్ళను శీతకాలంలో గడ్డకట్టిన నేల నుంచి పెళ్ళగించి, చీకటి కొట్టాల్లో నాటి, కొవ్వొత్తుల వెలుగులో కాడలు కోస్తారు. అటువంటి చోట వారమంతా వంగి పనిచేసి ఆదివారం పందేనికి వచ్చే స్త్రీకి వేరే వ్యాయామశాల అవసరం లేకపోయి ఉంటుంది. అయితే పేదరికాన్ని శిక్షణ అని మురిసిపోవడం చరిత్రకారులు చేయవలసిన పని కాదు.

వృత్తి క్రీడాకారిణిగా మారమని ర్యాలీ కంపెనీ ఆమెకు మంచి మొత్తమే చూపింది. ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ పేరుతో సైకిళ్ళు చేయించిన కంపెనీ అదే. ఆమె అంగీకరించలేదు. దానిని త్యాగంగా వర్ణించినవారున్నారు. ఆ వర్ణన సరికాదు. అంగీకరిస్తే ప్రపంచ పోటీలూ పోతాయి, మోర్లీ జట్టూ పోతుంది, ఆదివారం పందెమూ పోతుంది. గెలవడానికి ఎదుట మనిషి ఉండాలనుకొన్న స్త్రీకి ఉన్న దారి ఒకటే.

1967 సెప్టెంబరు మొదటి వారంలో నెదర్లాండ్స్‌లోని హేర్లెన్‌లో ఆమె రెండవసారి ప్రపంచ రోడ్డు పందెం గెలిచారు. రెండు వారాలకు, 17వ తేదీన, ఓట్లీ క్లబ్బువారి 12 గంటల కాలపరీక్షకు హాజరయ్యారు. పురుషులందరినీ పంపిన తరువాత స్త్రీలను పంపారు. కాలం గడిచేకొద్దీ ఆమె ముందు బయలుదేరినవారిని ఒక్కొక్కరినే దాటుకొంటూ వచ్చారు. చివరికి మిగిలినది మైక్ మెక్‌నమారా. ఆయన ఆనాడు పురుషుల జాతీయ రికార్డును బద్దలు కొట్టే ఊపులో ఉన్నారు. ఆయన వీపు కంటబడినప్పుడు తనకు సంతోషం కన్నా సంకోచమే కలిగిందని ఆమె తరువాత చెప్పుకొన్నారు. పక్కకు రాగానే ఏమి మాట్లాడాలో తోచక జేబులో నుంచి లికరిస్ మిఠాయి, అంటే అతిమధురం కలిపిన బిళ్ళ, తీసి అందించారు. ఆయన పుచ్చుకొన్నారు. ఆమె ముందుకు సాగిపోయారు. 12 గంటలు ముగిసేసరికి ఆయన తొక్కినది 276.52 మైళ్ళు, పురుషులలో సరికొత్త రికార్డు. ఆమె తొక్కినది 277.25 మైళ్ళు. కిలోమీటర్లలో 446, విజయవాడ నుంచి చెన్నై చేరేటంత దూరం. పురుషులు ఆ అంకెను దాటడానికి రెండేళ్ళు పట్టింది.

మిఠాయి కథను ఇంగ్లండులో ముచ్చటగా చెప్పుకొంటారు. ముచ్చట కింద ఉన్న సంగతి గంభీరమైనది. స్త్రీ పురుషుల పోలికకు తావు లేకుండా ప్రపంచ పోటీలు నిర్మించుకొన్న అంతర్జాతీయ సమాఖ్య ఏలుబడిలో ఇటువంటి ఫలితం పుట్టే వీలే లేదు. ఒక ఊరి క్లబ్బు తన అలవాటు ప్రకారం అందరికీ ఒకే రోడ్డు, ఒకే గడియారం పెట్టింది గనుక అది సాధ్యమయింది.

రాజ్యం ఆమెను పూర్తిగా మరచిపోయిందనలేము. 1964లో ఒక బిరుదు, 1968లో అంతకంటే పెద్ద బిరుదు ఇచ్చింది. అవి ఇచ్చిన తరువాత కూడా ఆమె పొలం పనికే వెళ్ళారు. ఔత్సాహికత్వానికి మరొక ముఖమూ ఉంది. పందెం తప్ప మరేదీ పెట్టుబడిగా లేని మనిషికి ఓటమి చాలా దగ్గరగా తగులుతుంది. 1976లో జాతీయ రోడ్డు పందెం చివరి గజాలలో కూతురు డెనీస్ తల్లిని అర చక్రం తేడాతో ఓడించింది. బహుమతి వేదికపై తల్లి కూతురి చేయి అందుకోలేదు. కొవెంట్రీలో షెరిడన్‌నూ మోర్లీలో బెరిల్‌నూ దేవతలుగా చిత్రించే రచనలు ఈ ఘట్టం దగ్గర తడబడతాయి. 1982లో ఆ తల్లీకూతుళ్ళే రెండు సీట్ల సైకిలు మీద పది మైళ్ళు 21 నిమిషాల 25 సెకండ్లలో తొక్కి బ్రిటిష్ రికార్డు నెలకొల్పారు.

ఒలింపిక్ క్రీడలలో స్త్రీల సైకిలు పందెం 1984లో లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారి జరిగింది. ఆమె అయిదుసార్లు ప్రపంచాన్ని గెలిచిన పర్స్యూట్ పందెం స్త్రీల ఒలింపిక్స్‌లో చేరింది 1992లో. 1984 నాటికి ఆమె వయసు 47 ఏళ్ళు.

1996 మే 5న, తన 59వ పుట్టినరోజు విందుకు మిత్రులను పిలవడానికి ఆహ్వానాలు పట్టుకొని సైకిలు మీద బయలుదేరిన బెరిల్ బర్టన్ దారిలోనే గుండె ఆగి మరణించారు. స్త్రీల 12 గంటల రికార్డు మాత్రం ఇంకా ఇరవై ఒక్కేళ్ళు ఆమె పేరిటే ఉండి, 2017లో ఆలిస్ లెత్‌బ్రిడ్జ్ 285.65 మైళ్ళు తొక్కిన రోజున చేయి మారింది.