రేవులో కేకేసే మనిషి

ఆగస్టు. సిద్ధాంతం రేవులో కింది మెట్లు కనబడటం లేదు. ఎగువన వానలు పడి, ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు దాటి వచ్చిన ఎర్రనీరు గోదావరి వశిష్ఠ పాయ నిండా పరుచుకుని, దుంగల్నీ గుర్రపుడెక్కనీ మోసుకుంటూ నరసాపురం వైపు పోతోంది. హైవే వంతెన మీద లారీల మోత. నువ్వు చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, ఒక్క మెట్టు దిగి కాలు తడిపావు. వెనక నుంచి కేక.

“ఒరేయ్ అబ్బాయ్! ఎర్రనీట్లో దిగుతావేంట్రా? పైకి రా ముందు!”

పడవ గట్టుకి లాగి కట్టేసుకుని కూర్చున్న పెద్దాయన. నువ్వెవరో ఆయనకి తెలీదు. పెనుగొండ నుంచి బండి మీద వచ్చావనీ, ఎల్లుండి రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కుతావనీ, స్కాట్లాండ్‌లో డండీ అనే ఊళ్ళో ఎమ్మెస్సీ చదవబోతున్నావనీ తెలీదు.

“నాకు ఈతొచ్చు తాతా.”

“వస్తే వచ్చిందిలే. నీకు ఈతొచ్చని ఏటికి తెలుసా?”

కాలు వెనక్కి తీసుకున్నావు. కొంచెం ఉక్రోషంగానే ఉంది. చిన్నప్పుడు నడుముకి కొబ్బరికాయల జత కట్టించుకుని కాలువలో ఈత నేర్చినవాడివి నువ్వు. డెల్టాలో పుట్టినవాడికి నీళ్ళంటే జంకు ఉండదు. కానీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. లాకుల దగ్గర దిగకూడదని నీకు ఎలా తెలిసింది? తూము దగ్గర నీరు లోపలికి లాగేస్తుందని, ఇసుక తవ్విన చోట మోకాటి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతులోకి పోతావని ఎవరు చెప్పారు? ప్రతిసారీ ఎవరో ఒకరు కేకేశారు. గేదెల్ని కడుగుతున్న ఆయనో, బట్టలు ఉతుకుతున్న ఆవిడో, వలేస్తున్న మనిషో. ఇన్నాళ్ళూ నిన్ను కాపాడిన విద్యలో సగం నీ చేతుల్లో ఉంది, సగం గట్టు మీద ఉంది. ఎల్లుండి నువ్వు విమానంలో తీసుకెళ్ళేది మొదటి సగాన్నే.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి దగ్గర యాత్రికుల బస్సులు ఆగి ఉన్నాయి. మీ ఇంటి హాల్లో రెండు సూట్‌కేసులు. అమ్మ ఆవకాయ సీసాకి మూడో కవరు చుడుతోంది. మావయ్య కొక్కెం కాటాకి పెట్టె తగిలించి ఎత్తి చూస్తున్నాడు. ఇరవై మూడు కిలోలు దాటకూడదు.

“రాత్రిళ్ళు ఒంటరిగా తిరక్కు. ఎవడైనా కత్తి చూపిస్తే ఫోను, పర్సూ వాడి మొహాన కొట్టి వచ్చెయ్,” అంటాడు మావయ్య. అమ్మ ఏమీ అనదు. టీవీలో కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ ఆవిడ మొహం ఎలా మారుతుందో నువ్వు చూస్తూనే ఉన్నావు.

ఆ భయం ఉత్తదని నేననను. అమెరికాలో గ్యాస్ స్టేషన్లో పార్ట్‌టైమ్ చేస్తూ తూటాకి బలైన తెలుగు పిల్లలున్నారు. తప్పేమీ చేయకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. 2023 జనవరి 23 రాత్రి సియాటెల్‌లో మన ఆదోని అమ్మాయి పాదచారులు దాటే గీతల మీదే రోడ్డు దాటుతోంది. గంటకి 25 మైళ్ళ పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ళ వేగంతో వచ్చిన పోలీసు కారు ఆమెను గుద్దేసింది. అలాంటి చావుకి విద్యార్థి జాగ్రత్త ఏ మాత్రం అడ్డం పడుతుంది?

అయినా మావయ్య పక్కన కూర్చుని ఈ లెక్క చూడు. 2024 జులైలో విదేశాంగ శాఖ లోక్‌సభకి చెప్పింది: అంతకుముందు ఐదేళ్ళలో 41 దేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారు. కెనడాలో 172, అమెరికాలో 108, బ్రిటన్‌లో 58. ఈ మొత్తంలో దాడుల్లో పోయినవాళ్ళు 19 మంది. మిగతావాళ్ళని తీసుకుపోయినవి ప్రమాదాలు, జబ్బులు, ఇతర కారణాలు. మన ఇళ్ళలో మాట మాత్రం ఆ పంతొమ్మిది చుట్టూనే తిరుగుతుంది. మిగిలిన ఆరొందల పైచిలుకు గురించి, సూట్‌కేసు మూత పడేలోపు ఎవరూ ఒక్క ముక్క అనరు.

ఇప్పుడు ఎనిమిది నెలలు ముందుకి రా.

ఏప్రిల్ నెల. డండీలో చలికాలమంతా నాలుగు గంటలకే చీకటి పడింది. వారానికి ఇరవై గంటలు ఒక గోడౌన్లో పని, మిగతా సమయం లైబ్రరీ. ఇవాళ ఒక్కసారిగా ఎండ కాసింది. మీరు నలుగురు కలిసి రైలెక్కారు. పెర్త్‌లో మారి పిట్లోక్రీలో దిగి, చెట్ల మధ్య కాలిబాట పట్టారు. చొక్కా మీద ఎండ వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళకో పెద్దగా నవ్వుకుంటున్నారు. ఎవరో ఫోన్లో పాట పెట్టారు. ఇక్కడ గారీ అనే నది వచ్చి టమ్మెల్ అనే నదిలో కలుస్తుంది. ఆ కలిసేచోటికి కాస్త ఎగువన, రాళ్ళ మధ్య ఇరుకుదారిలో నీరు కిందికి దూకే చోటు పేరు లిన్ ఆఫ్ టమ్మెల్.

నీళ్ళని చూడు. టీ డికాషన్ రంగు. కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన పీట్ నేలల మీంచి వచ్చే స్కాట్లాండ్ ఏర్లకి ఏడాది పొడుగునా అదే రంగు. గోదావరి అయితే ఎరుపెక్కి ముందే చెబుతుంది. ఇది ఏ రంగూ మార్చదు. గోదావరి అడుగున ఒండ్రు, ఇసుక కాలికి కొంత పట్టు ఇస్తాయి. ఇక్కడ వందల ఏళ్ళుగా నీరు నున్నగా కోసిన బండలు, వాటి మీద కంటికి ఆనని పాచి. పైన కొండల్లో కరిగే మంచు ఇంకా దిగుతూనే ఉంది. గాలి వెచ్చబడిందని నీరు వెచ్చబడలేదు. దానికి ఇంకా నెలలు పడుతుంది.

గట్టు వైపు చూడు. పడవ లేదు, పెద్దాయన లేడు.

2024 ఏప్రిల్ 17, బుధవారం. సాయంత్రం ఏడు దాటాక ఈ చోటు నుంచే అత్యవసర సేవలకి ఫోన్ వెళ్ళింది. డండీ విశ్వవిద్యాలయంలో చదివే నలుగురు మిత్రులు వచ్చారు. ఇద్దరు నీళ్ళలో పడిపోయారు. మిగిలిన ఇద్దరు సాయం కోసం పిలిచారు. పోలీసులు, అగ్నిమాపక దళం, పడవలు అన్నీ వచ్చాయి. దిగువన ఇద్దరి దేహాలూ దొరికాయి. తెలుగు పిల్లలు. ఒకరికి 22, ఇంకొకరికి 26. ఆ ఏడు గంటలప్పుడు అక్కడ ఇంకా పగటి వెలుగే ఉంటుంది. అది తలుచుకున్నప్పుడల్లా నా గుండె పట్టేస్తుంది.

ఈ బండ మీద నీ కాలు జారిందనుకో.

ముందు పోయేది ఊపిరి. పదిహేను డిగ్రీలకన్నా చల్లని నీరు ఒక్కసారిగా ఒంటికి తగిలితే, నీ ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని గాలి లోపలికి గుంజుకుంటుంది. ఆ క్షణాన నోరు నీటి కింద ఉంటే లోపలికి పోయేది నీరే. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి గజఈతగాడి మాటా వినదు. దీన్ని కోల్డ్ వాటర్ షాక్ అంటారు. చాలామంది చలికి గడ్డకట్టి చనిపోతారనుకుంటారు. నిజానికి ఒళ్ళు అంతగా చల్లబడటానికి అరగంట పైనే పడుతుంది. మనిషిని ముంచేవి ఆ మొదటి రెండు మూడు నిమిషాలు. అవి దాటితే పది నిమిషాల పాటు చేతులు కాళ్ళు నీ మాట వింటాయి. ఆ తర్వాత వేళ్ళు కొయ్యబారి, తాడు అందినా పట్టుకోలేవు.

అందుకని ఈదొద్దు. ఈతగాడివి గనక నీ ఒళ్ళు వెంటనే ఈదమంటుంది. ఆ మాట వినకు. తల వెనక్కి వాల్చు, చెవులు నీటిలో మునిగేదాకా. మొహం ఆకాశం వైపు. చేతులు నెమ్మదిగా కదుపు. కాళ్ళు కిందికి జారినా ఫరవాలేదు. అరవై, తొంభై సెకన్లు అలా తేలు. ఊపిరి నీ చేతిలోకి వస్తుంది. అప్పుడు కేక వెయ్యి, అప్పుడు గట్టు వెతుక్కో. బ్రిటన్‌లో లైఫ్‌బోట్ సంస్థ ఆరెన్నెల్లై ఏళ్ళ తరబడి బడిపిల్లలకి నేర్పుతున్నది ఇదే. ఈ పాఠం మన ఏజెంట్లు నడిపే వీసా తరగతుల్లో కూడా ఒక గంట చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు గట్టు మీద ఉన్నవాడివి నువ్వే అనుకో. నీళ్ళలో నీ రూమ్మేట్. ఇది మొదటిదానికన్నా కష్టం. 2022 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో, మిస్సోరీలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ దగ్గర, సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో చదివే తెలంగాణ కుర్రాడొకడు ఈతకి దిగి మునిగిపోయాడు. కాపాడదామని స్నేహితుడు దూకాడు. ఇద్దరూ పోయారు. దూకినవాణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు. ప్రాణస్నేహితుడు మునిగిపోతుంటే దూకకుండా ఆగడం మన పిల్లలకి ఎవరూ నేర్పలేదు. దూకినవాడికీ ఊపిరి అలాగే పోతుందని ఎవరూ చెప్పలేదు.

గట్టు మీదే ఉండు. “వెనక్కి తిరుగు, తేలు, ఆకాశం చూడు!” అని అరుస్తూ ఉండు. గట్టున తేలే రింగు ఉంటే అది విసురు. లేకపోతే తువ్వాలు, బ్యాగు పట్టీ, మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలు. బోర్లా పడుకుని కొమ్మ అందించు, నిలబడి మాత్రం వంగకు. ఇంకొకరు అప్పటికే బ్రిటన్ అత్యవసర నంబరు 999 కొట్టి ఉండాలి. ఏరో చెరువో అయితే అగ్నిమాపక దళాన్నీ, సముద్రం అయితే కోస్ట్‌గార్డ్‌నీ అడగాలి. అమెరికాలో, కెనడాలో 911. ఐరోపా దేశాల్లో 112. ఆస్ట్రేలియాలో 000.

ఫోన్ తీశాక మన పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు. పోలీసులు వస్తే వీసాకి ఏమైనా అవుతుందా? బిల్లు వేస్తారా? ఆ క్షణం చాలా ఖరీదైంది. సాయం కోసం పిలిచినందుకు వీసా పోదు. బ్రిటన్‌లో రక్షక బృందానికి డబ్బు కట్టక్కర్లేదు. వీసా తీసుకునేటప్పుడే విద్యార్థి ఆరోగ్య సర్‌ఛార్జి కింద ఏడాదికి 776 పౌండ్లు కట్టి ఉంటాడు కూడా. అమెరికాలో అంబులెన్సుకి బిల్లు వస్తుంది, నిజమే. బీమా కాగితం ఏ మూలనుందో ముందే చూసుకోవాల్సింది అందుకే.

ఇంతా చెప్పి, నీళ్ళ దగ్గరికే వెళ్ళొద్దని నేననను. గోదారి పిల్లవాడు ఏడాదంతా గదిలో కూర్చుంటే అదో జబ్బు, దానికీ మనుషులు చచ్చిపోతారు. వెళ్ళు. వెళ్ళేముందు కేకేసే మనిషిని వెతుక్కో. పిట్లోక్రీలో టీకొట్టు ఆవిణ్ణి అడుగు: “ఇక్కడ దిగొచ్చా?” స్టేషన్లో మనిషిని అడుగు. నీ ఇంగ్లీషు యాసకి సిగ్గుపడకు. వాళ్ళ ఏటి గురించి అడిగితే ఏ ఊరివాడూ విసుక్కోడు. ఆస్ట్రేలియాలో అయితే లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి. అవి లేని తీరంలో అసలు దిగకూడదు.

చేరిన మొదటి వారంలోనే దగ్గరి డాక్టరు దగ్గర పేరు రాయించుకో. యూనివర్సిటీ సెక్యూరిటీ నంబరు ఫోన్లో ఎక్కించు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో నమోదు చెయ్యి. బయల్దేరే ముందే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రవాసుల సంస్థ ఏపీఎన్నార్టీ వాళ్ళ ప్రవాసాంధ్ర భరోసా బీమా తీసుకో. మనవాళ్ళు కాలం చేస్తే దేహం ఇంటికి రావడానికి ఎన్ని కాగితాలో, ఎంత ఖర్చో, ఎందరు స్నేహితులు చందాల కోసం ఇంటర్నెట్లో చేతులు చాపారో చూసినవాళ్ళకి ఆ చిన్న రుసుము లెక్కలోది కాదు.

ఇప్పుడు ఆదివారం. డండీలో మధ్యాహ్నం, పెనుగొండలో రాత్రి. వీడియోలో అమ్మ. టమ్మెల్ సంగతి ఆవిడకి ఎవరో చెప్పేశారు.

“నీళ్ళ దగ్గరికి వెళ్ళనని ఒట్టెయ్ నాన్నా.”

“ఒట్టెయ్యనమ్మా. వెళ్తాను. కానీ వెళ్ళేముందు ఎక్కడికో, ఎవరితోనో, ఎన్నింటికి తిరిగొస్తానో పక్క గది కేరళ అబ్బాయికి చెప్పి వెళ్తాను. ఆ టైముకి రాకపోతే వాడు ఫోన్ చేస్తాడు. నేనూ వాడికి అంతే. నీళ్ళలో దిగను, గట్టునే ఉంటాను.”

కాసేపు మాటల్లేవు. పక్క నుంచి మావయ్య ఏదో అన్నాడు, వినబడలేదు.

“ఆ అబ్బాయి నంబరు నాకు పంపు,” అంది అమ్మ. “వాళ్ళమ్మ నంబరు కూడా.”